ఊరి చదువు గదికి నెట్‌వర్క్: దేవరకొండ వైపు ఒక పని డైరీ

చోటు రెండు భవనాలు. ఒకటి చదువు గది ఉన్న పాతది: రాతి గోడలు, డంగు సున్నం, వరుసగా మూడు అర్రలు. గోడ మందం రెండడుగులకు రవ్వంత తక్కువ. రెండోది వాకిలి అవతల, 42 మీటర్ల దూరంలో, మహిళా సంఘం కట్టుకున్న స్లాబు బిల్డింగు. పాతదాంట్లో ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. సంఘానికి ఒక కంప్యూటరు, ఫోన్లకు వైఫై. ఫైబర్ కనెక్షన్ ముందునుంచే ఉంది, 50 ఎంబీపీఎస్ ప్లాను. అందరి ఫిర్యాదూ ఒక్కటే: "నెట్ స్లోగుంది, పెద్ద ప్లాను తీసుకుందాం." ప్లాను జోలికి ఇప్పుడే పోవద్దు, ముందుగాల కొలుద్దాం అనుకొని పని మొదలైంది.

రోజు 1: కొలతలు

ఫైబర్ వచ్చి ఆగే పెట్టె (ఓఎన్‌యూ) మొదటి అర్రలో, కిటికీ పక్కన ఉంది. దానికి వైరుతో ల్యాప్‌టాప్ తగిలించి స్పీడు చూస్తే 47 ఎంబీపీఎస్. అక్కడే వైఫై మీద 31. రెండో అర్రలో 14. మూడో అర్రలో 2, ఒక్కోసారి అసలే లేదు. ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ పెట్టి చూస్తే వరుసగా మైనస్ 38, మైనస్ 66, మైనస్ 83 డీబీఎం. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. మైనస్ 67 దాకా వీడియో కాల్ నడుస్తుంది, మైనస్ 80 దాటితే పేజీ తెరుచుకోవడమే కష్టం. వచ్చే నెట్ సరిగ్గానే వస్తోంది, రెండు రాతి గోడలు దాటేసరికి చచ్చిపోతోంది. 100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నా మూడో అర్రలో పిల్లలకు దక్కేది ఆ రెండే.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 50 మెగాబిట్లు. ఫైళ్లు లెక్కించేది మెగాబైట్లలో. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు తెరమీద సెకనుకు 6 మెగాబైట్లు కనిపిస్తే లైను నిండుగా ఇస్తున్నట్టే. "50 అని చెప్పి 6 ఇస్తున్నరు" అనే మాట ప్రతి ఊళ్లో వినబడుతుంది. అందులో మోసం లేదు, కొలమానం వేరు.

ఓఎన్‌యూ సెట్టింగుల పేజీలో లోపలికొచ్చే కాంతి బలం చూశాం: మైనస్ 25.8 డీబీఎం. మైనస్ 27 దగ్గరికొస్తే లైను తెగుతూ అతుకుతూ ఉంటుంది, అంటే ఇది అంచుమీద ఉంది. ఆకుపచ్చ కనెక్టరు బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలు పోగులు రాలని గుడ్డతో కొసను తుడిచి పెడితే మైనస్ 22.1కి వచ్చింది. కొస మీద దుమ్మే 3.7 డీబీ తినేసింది. అంటే వచ్చే కాంతిలో సగానికి పైగా. ఈ కొసను వేలితో ముట్టొద్దు, నోటితో ఊదొద్దు. లోపలికి కన్ను పెట్టి అసలే చూడొద్దు. కాంతి కనబడదు గానీ కంటికి దెబ్బ.

నిర్ణయం: ఓఎన్‌యూ, స్విచ్చు (నెట్ వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె), యూపీఎస్ అన్నీ నడిమి అర్రలోకి మార్చడం. లైను వాళ్లను పిలిచి ఫైబర్ పొడిగించమని అడిగాం.

రోజు 2: కరెంటు

నెట్‌వర్క్ పనిలో కరెంటు చూడడమేంటని అడిగారు. ఊళ్లలో రూటర్లు ఎక్కువగా చచ్చేది కరెంటు వల్లే. టెస్టరు వెలగడం చూసి సరిపెట్టుకోవద్దు, మల్టీమీటరు కావాలి.

ఫేజుకు న్యూట్రలుకు మధ్య: పొద్దున 224 వోల్టులు, చుట్టూ బోరు మోటర్లు నడిచేటప్పుడు 181, రాత్రి మోటర్లు ఆగినాక 251. న్యూట్రలుకు ఎర్తుకు మధ్య 11 వోల్టులు. ఇది రెండు మూడు వోల్టులు దాటొద్దు. మెయిన్ స్విచ్చు విప్పితే న్యూట్రలు స్క్రూ వదులై, వైరు కొస నల్లగా మాడి ఉంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియనుతో లైను బంద్ పెట్టించి, కొస కోసి మళ్లీ బిగించినంక 5కు తగ్గింది. ఎర్తు గుంత ఎండిపోయి ఉంది. బొగ్గు, ఉప్పు మార్చి నాలుగు బిందెల నీళ్లు పోశాక, మరునాటికి 1.9. ఇక్కడి ఎర్ర చల్క నేల ఎండాకాలంలో చెమ్మ పట్టుకోదు, అందుకే ఎర్తు గుంతకు వారానికోసారి నీళ్లు అనేది ఈ పనిలో భాగమే.

యూపీఎస్ లెక్క. ఓఎన్‌యూ 7 వాట్లు, 16 పోర్టుల స్విచ్చు 8, వైఫై రూటరు 6, మీడియా కన్వర్టరు (రాగి వైరు సంకేతాన్ని ఫైబర్ కాంతిగా మార్చే డబ్బా) 2. మొత్తం 23. 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, అంటే 84 వాట్-అవర్లు. 84ను 23తో భాగిస్తే మూడున్నర గంటలు రావాలి కదా అనిపిస్తుంది. రాదు. 12 వోల్టులను 230 చేసే పనికే యూపీఎస్ పది పన్నెండు వాట్లు తింటుంది, బ్యాటరీ కూడా చివరిదాకా ఇవ్వదు. కరెంటు తీసి గడియారం పెట్టి చూస్తే 1 గంట 25 నిమిషాలు వచ్చింది. కంప్యూటర్లను దీనికి తగిలించొద్దు. ఆరింటిని తగిలిస్తే నిమిషం కూడా ఆగదు, ఓవర్‌లోడై అరిచి ఆగిపోతుంది. లేజర్ ప్రింటరైతే అసలే వద్దు, కాగితం వేడి చేసేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది.

రోజు 3, 4: వైర్లు

కొలిచిన పొడవులు: మొదటి అర్రకు 12, 14 మీటర్లు, నడిమి అర్రలో 6, 8, మూడో అర్రకు 13, 15, ప్రింటరుకు 9, వైఫై రూటరుకు 3. కలిపి 80. ఒక్కోదానికి మీటరున్నర వదులు కలుపుకుంటే 92. క్యాట్6 రకం నెట్ వైరు పెట్టెలో 305 మీటర్లుంటుంది, మూడో వంతు కూడా పట్టలేదు. వదులు పెట్టడం దండుగ కాదు. జాక్ చెడినప్పుడల్లా కొస రెండంగుళాలు కోయాలి, బిగువుగా లాగిన వైరుకు ఆ అవకాశం ఉండదు.

వైరు కొనేటప్పుడు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి: అసలు రాగి కావాలి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన వైరు సగం ధరకు దొరుకుతుంది, పెట్టె మీద చిన్న అక్షరాల్లో సీసీఏ అని ఉంటుంది. బ్లేడుతో తీగను గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పెట్టె ఎత్తినా తెలుస్తుంది, తేలిగ్గా ఉంటుంది. అది రెండు మూడుసార్లు వంచితే తెగుతుంది, జాక్ దగ్గర పట్టు వదులుతుంది, వైరులోంచే కరెంటు పంపే సీసీ కెమెరాలకు పెడితే వేడెక్కుతుంది. గోడలో పెట్టి సున్నం వేసినాక మార్చడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఆదా చేసిన డబ్బు ఏపాటిదో అర్థమవుతుంది.

గోడకు 16 ఎం.ఎం. పొడవాటి బిట్టుతో రంధ్రం. రాయి మీద కాకుండా రెండు రాళ్ల మధ్య సున్నం పూత వెతికి వేస్తే పని సగమవుతుంది. బయటి గోడకైతే రంధ్రం బయటివైపుకు వాలి ఉండాలి, లేకుంటే వానలో వైరు పట్టుకొని నీళ్లు లోపలికొస్తాయి. కరెంటు వైర్లకు జానెడు దూరంగా నడిపించాం. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాం, పక్కపక్కన పోనివ్వలేదు.

జాక్ లోపల రంగుల వరుస, జాక్ క్లిప్పు పుల్ల కిందికి పెట్టి ఎడమనుంచి: తెల్ల-ఆరెంజి, ఆరెంజి, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. వైరులో తీగలు రెండేసి జంటలుగా మెలేసి ఉంటాయి. చూడడానికి ఆకుపచ్చ జంట విడిపోయినట్టుంటుంది, చాలామంది ముచ్చటగా జంటలన్నీ పక్కపక్కన పెడతారు. రెండు కొసల్లో ఒకే తీరుగా పెడితే కేబుల్ టెస్టరు మీద ఎనిమిది దీపాలూ వెలుగుతాయి, నెట్ మాత్రం తడబడుతుంది. కారణమేమంటే 3, 6 పిన్నులు ఒకే మెలికలోని రెండు తీగలై ఉండాలి. ఆ మెలికే బయటి గోలను రద్దు చేసేది. టెస్టరు తీగ తెగిందా లేదా అన్నదే చెబుతుంది, జంట సరిగ్గా కలిసిందో లేదో చెప్పదు. జాక్ దగ్గర మెలికను అర అంగుళానికి మించి విప్పొద్దన్నదీ అందుకే.

నాలుగో కంప్యూటరు తేడా చేసింది. నెట్ వస్తోంది, కానీ లింకు 1000కి బదులు 100 అని చూపిస్తోంది. ఇది తెలిసిన రోగమే: 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక్కటి అందకున్నా పరికరాలు మాట్లాడుకొని 100కి దిగుతాయి. జాక్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే గోధుమ తీగ కొసదాకా చేరలేదు. కోసి మళ్లీ వేశాం. మొత్తం పదహారు కొసల్లో రెండు మళ్లీ వేయాల్సివచ్చింది.

రోజు 5: వాకిలి దాటడం

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. 42 మీటర్లు రాగి వైరుకు చాలా తక్కువ, 100 మీటర్ల దాకా పోతుంది. దండెం కట్టినట్టు ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి లాగేస్తే గంటలో పనైపోతుంది. వద్దన్నాం. రెండు భవనాలకు రెండు ఎర్తులు. వాటి మధ్య వోల్టుల తేడా ఉంటే ఆ తేడా నెట్ వైరు గుండా పారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చి దగ్గర్లో పిడుగు పడితే, వైరు మీద నేరుగా పడకున్నా, రెండు వైపులా పోర్టులు మాడతాయి. స్విచ్చు పోతుంది, దానికి తగిలించిన కంప్యూటర్లూ పోవచ్చు. గాజు తీగలో కరెంటు పారదు. అందుకే ఫైబర్.

కొన్న సామాను: సింగిల్‌మోడ్ డ్రాప్ ఫైబర్ 60 మీటర్లు, కొసలకు నీలం రంగు ఎస్‌సీ కనెక్టర్లు, మీడియా కన్వర్టర్ల జత, అంగుళం నల్ల హెచ్‌డీపీఈ పైపు 50 మీటర్లు. ఈ పైపు డ్రిప్పు సామాను అమ్మే దుకాణంలోనే దొరికింది.

మూడు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, డ్రాప్ ఫైబర్‌లో చాలావాటికి బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది. ఆ తీగ రెండు భవనాలనూ కలిపిందంటే ఫైబర్ వేసిన ఉద్దేశమే పోయింది. ఫైబర్‌గ్లాసు పుల్లలున్న రకం అడగాలి. రెండోది, ఒకే పోగు మీద నడిచే కన్వర్టర్లు ఏ, బీ అని జతగా ఉంటాయి. ఏ వైపుది 1310 నానోమీటర్ల కాంతి పంపి 1550 అందుకుంటే, బీ వైపుది దానికి తిరగేసి. రెండూ ఏ తెచ్చుకుంటే ఏనాటికీ లింకు రాదు. మూడోది రంగు. ఇంటర్నెట్ లైనుకు వాడే ఆకుపచ్చ కనెక్టరు కొస ఎనిమిది డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, కన్వర్టరు నీలం కోరుతుంది. ఆకుపచ్చది నీలం దాంట్లో దూరుతుంది కూడా. దూరినంత మాత్రాన కలిసినట్టు కాదు, మధ్యలో సందు పడి కాంతి కారిపోతుంది, కొస గీతలు పడి చెడుతుంది.

అడుగున్నర లోతు కాలువ తీసి పైపు పరిచాం. పైనుంచి లాగితే కోతులు ఊగుతాయి, ఉడతలు కొరుకుతాయి. పైపులోకి ముందు నైలాను తాడు పంపి, దాని కొసకు ఫైబర్ కట్టి, కనెక్టరు మీద బరువు పడకుండా లాగాలి. రెండు కొసల్లోనూ మూడు మీటర్ల వదులు, చాయ్ సాసరంత వెడల్పుకు తగ్గకుండా చుట్ట చుట్టి గోడకు బిగించాం. చిన్నగా చుడితే వంపులోంచి కాంతి బయటికి పోతుంది. పైపు నోళ్లకు గుడ్డ కుక్కి సిలికాన్ పెట్టాం, లేకుంటే చీమలు కాపురం పెడతాయి.

రోజు 6: అడ్రసులు

సంఘం బిల్డింగులో పాత రూటరొకటి ఉంటే దాన్నే వైఫైకి వాడాలనుకున్నాం. అలాగే తగిలిస్తే కొన్ని ఫోన్లకు నెట్, కొన్నింటికి లేదు. పొద్దున వచ్చింది మధ్యాహ్నం రాదు. ఒక నెట్‌వర్క్‌లో అడ్రసులు పంచే యజమాని ఒక్కడే ఉండాలి. ఇక్కడ ఓఎన్‌యూ పంచుతోంది, పాత రూటరూ పంచుతోంది. ఎవరి చేతిలో పడ్డ ఫోను వాళ్ల అడ్రసు తీసుకుంటోంది.

సరి చేసిన క్రమం: పాత రూటరును విడిగా ఒక ల్యాప్‌టాప్‌కు వైరుతో తగిలించి, దాని అడ్రసు 192.168.1.3గా మార్చి సేవ్ చేయాలి. మళ్లీ కొత్త అడ్రసుతో లోపలికెళ్లి డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆఫ్ చేయాలి. తర్వాత కన్వర్టరు నుంచి వచ్చే వైరును వ్యాన్ (బయటి నెట్ వచ్చే) రంధ్రంలో కాకుండా లాన్ (లోపలి పరికరాల) రంధ్రాల్లో ఒకదానికి పెట్టాలి. వ్యాన్ రంధ్రం ఖాళీగానే ఉండాలి. నడిమి అర్ర రూటరుకూ ఇదే పద్ధతి, అడ్రసు 192.168.1.2.

ఇప్పుడు లెక్క ఇలా ఉంది. ఓఎన్‌యూ 192.168.1.1. రూటర్లు .2, .3. ప్రింటరు .10. మిగతా అందరికీ .50 నుంచి .200 వరకు ఓఎన్‌యూ పంచుతుంది. ప్రింటరుకు స్థిరమైన అడ్రసు ఎందుకంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని అడ్రసు మారితే కంప్యూటర్లు పాత అడ్రసుకే కాగితాలు పంపుతూ "ఆఫ్‌లైన్" అంటాయి. ఆఫీసుల్లో ప్రింటరు రాట్లేదన్న మొరల్లో చాలావాటికి మూలం ఇదే.

సీసీ కెమెరాను హైదరాబాదు నుంచి చూడాలన్నారు. ఓఎన్‌యూలో వ్యాన్ అడ్రసు చూస్తే 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి నెట్ కంపెనీ తన ఖాతాదారులందరినీ ఒక పబ్లిక్ అడ్రసు వెనక పెట్టే అడ్రసులు. పోర్టు ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చే పిలుపును లోపలి పరికరానికి మళ్లించే సెట్టింగు) ఎంతసేపు చేసినా బయటినుంచి తలుపు తెరుచుకోదు. కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ వాడాలి, లేదా నెలకింత కట్టి పబ్లిక్ అడ్రసు తీసుకోవాలి. దీనిమీద రెండు రోజులు పోగొట్టుకోకుండా ముందే ఈ అంకె చూసుకోవడం మంచిది.

రోజు 7: వైఫై

ఓఎన్‌యూ సొంత వైఫై ఆపేశాం. పాత ఇళ్లలో అర్రల దర్వాజలు ఒకే వరుసలో ఉంటాయి, ఇక్కడా అంతే. రూటరును నడిమి అర్రలో దర్వాజ ఎత్తున, ఆ వరుసలో కనబడేటట్టు పెడితే గోడతో పని లేకుండా సిగ్నల్ రెండు పక్కలా పోయింది: మొదటి అర్రలో మైనస్ 57, మూడో దాంట్లో మైనస్ 60. ఇనుప బీరువా మీదా, నీళ్ల ట్యాంకు పక్కనా పెట్టొద్దు.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. ఇక్కడ 1, సంఘంలో 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. రెండుచోట్లా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఫోను తనంతట తానే మారుతుంది. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా మీట నొక్కి కలిపే పద్ధతి) బంద్. రూటర్ల అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, రిజిస్టరులో రాసి బీరువాలో పెట్టాం.

రోజు 8, 9: కంప్యూటర్లు

ఆరింటిలో రెండు "నెట్ రాదు" అని పక్కన పెట్టినవి. ఆన్ చేస్తే తేదీ 2012 జనవరి. బోర్డు మీది నాణెమంత బ్యాటరీ, సీఆర్2032, చచ్చిపోయింది. మీటరు పెడితే 3 వోల్టులుండాల్సింది 1.1. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లనట్టు కనబడతాయి, బ్రౌజరు ఏ పేజీనీ తెరవనివ్వదు. కొత్త బ్యాటరీ వేసి తేదీ సరి చేస్తే రెండూ బాగయ్యాయి. ఇంత చిన్న కారణానికి ఎన్ని కంప్యూటర్లు మూలన పడి ఉంటాయో తలుచుకుంటే బాధేస్తుంది.

మిగతా నెమ్మదితనం హార్డ్ డిస్కుది. 256 జీబీ ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేశాం. పాత బోర్డులు డీడీఆర్3. డీడీఆర్4 ముక్క గాడి వేరేచోట ఉంటుంది, ఒత్తిడి చేస్తే స్లాటు విరుగుతుంది. ఆన్ అవ్వడానికి పట్టే కాలం మూడు నిమిషాల నుంచి 25 సెకన్లకు దిగింది.

విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. ఈ ప్రాసెసర్లు విండోస్ 11 అర్హత జాబితాలో లేవు. అందుకే ఐదింటికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కలిపాం. ఆరోది విండోస్ 10తోనే ఉంచి నెట్ వైరు తీసేశాం. కారణం అను ఫాంట్లు. డీటీపీ దుకాణాల్లో చేయించిన పాత కరపత్రాలు, సంఘం తీర్మానాలు అందులోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతాయి. అవసరమైనవి అక్కడ యూనికోడ్‌లోకి మార్చి పెన్‌డ్రైవులో తెచ్చుకోవాలి. పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేశాం; ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు ఎక్కదు.

రోజు 10: గోడ మీద కాగితం

"నెట్ రాట్లేదు" అన్నప్పుడు ముందుగా రూటరు ఆపి ఆన్ చేయడం అలవాటు. దానివల్ల ఒక్కోసారి బాగవుతుంది, ఎందుకు చెడిందో మాత్రం తెలియదు. గదిలో పెద్దక్షరాలతో అతికించిన క్రమం ఇది.

ముందు ఓఎన్‌యూ దీపాలు చూడాలి. లాస్ అన్న దీపం ఎర్రగా వెలిగితే ఓఎన్‌యూకు కాంతి అందట్లేదు, ఎక్కువగా బయట ఫైబర్ తెగినట్టే, లైను వాళ్లకు ఫోన్ చేయడమే, ఇంట్లో ఏదీ ముట్టొద్దు. పాన్ దీపం నిలకడగా పచ్చగా ఉంటే లైను బాగుంది. అప్పుడు కంప్యూటరు వెనక జాక్ దగ్గర దీపం. అది లేకుంటే వైరు లేదా జాక్. ఉంటే కంప్యూటరు అడ్రసు చూడాలి: నెట్‌వర్క్ సెట్టింగుల్లో, విండోస్ అయితే ఐపీకాన్ఫిగ్ కమాండులో కనబడుతుంది. 169.254తో మొదలైతే దానికి ఎవరూ అడ్రసు ఇవ్వలేదు. 192.168.1తో మొదలైతే 192.168.1.1కు పింగ్ (అవతలివైపు జవాబిస్తుందా అని అడిగే కమాండు) కొట్టాలి. జవాబొస్తే ఇంటి లోపల అంతా సరే. తర్వాత బయటి నెట్‌లోని 8.8.8.8కు పింగ్. దానికీ జవాబొచ్చి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకుంటే, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ చెడింది, సెట్టింగుల్లో 1.1.1.1 లేదా 8.8.8.8 పెడితే సరిపోతుంది. అన్నీ బాగుండి ఒక్క సైటే రాకుంటే, తేదీ చూడాలి, ఆ తర్వాత ఫోన్ డేటా మీద అదే సైటు తెరిచి చూడాలి. అక్కడా రాకుంటే తప్పు ఆ సైటుది.

ముగింపు కొలతలు: మొదటి అర్రలో వైఫై మీద 44 ఎంబీపీఎస్, మూడో అర్రలో 41, సంఘంలో 43. ప్లాను అదే 50.

మిగిలిన పని: సంఘం బిల్డింగు ఎర్తు ఇంకా కొలవలేదు. స్విచ్చు పెట్టెకు దుమ్ము జాలీ పెట్టాలి. మేలో మధ్యాహ్నం ఆ పెట్టె లోపల వేడి ఎంతకు పోతుందో థర్మామీటరు పెట్టి వారం రోజులు రాయాలి. 45 డిగ్రీలు దాటితే తలుపు తీసి చిన్న ఫ్యాను బిగించాలి.